ఉమ్మడి బావి, ఇంకించిన వాన నీరు, పక్కింటి బోరు

చెన్నై నుంచి ఒక పాఠకురాలు రాసిన సుదీర్ఘమైన ఉత్తరం సారాంశం ఇది. ఆమెను గుర్తుపట్టగల వివరాలు తొలగించాం.

ఆమె మామగారు నెల్లూరు నుంచి రైల్వే ఉద్యోగం మీద మద్రాసు వచ్చి, 1978లో దక్షిణ శివారులో పక్కపక్కనే రెండు గ్రౌండ్ల (గ్రౌండు అంటే 2,400 చదరపు అడుగులు) స్థలం కొని, మధ్యలో ఒరల బావి దింపించారు. 1996లో ఇద్దరు కొడుకులకూ రిజిస్టరు చేసిన భాగపత్రం ద్వారా చెరొక గ్రౌండు పంచి ఇచ్చారు. కొలతలు వేసినప్పుడు బావి చాలావరకు చిన్నకొడుకు వాటాలోకి వెళ్లడంతో, బావి ఉభయులకూ ఉమ్మడి అనీ, ఇరు కుటుంబాలూ గృహావసరాలకు వాడుకోవాలనీ పత్రంలో రాయించారు. ఇప్పుడు అన్నదమ్ములిద్దరూ లేరు. 2019 వేసవిలో ఊరంతా నీళ్లకు అల్లాడినప్పుడు ఈమె లక్షన్నర ఖర్చు పెట్టి, డాబా మీద పడే వాన నీరంతా వడపోత తొట్టి గుండా ఉమ్మడి బావిలోకి దిగేటట్టు చేయించారు. తరవాతి రెండు మూడేళ్లూ బావి నిండుగా ఉంది. ఆపైన మరిది గారి అబ్బాయి తన వాటాలో మూడు వందల అడుగుల బోరు వేయించి, రాత్రి పూట రోజుకు రెండు లారీల నీరు, ఒక్కొక్కటి పన్నెండు వేల లీటర్లది, అమ్మడం మొదలుపెట్టాడు. ఈ రెండేళ్లుగా మాఘం వెళ్లేసరికే బావి అడుగు కనిపిస్తోంది. 'నేను దాచుకున్న వాన నీటిని నా చేతుల మీద పెరిగిన పిల్లవాడు లారీలకెత్తి అమ్ముకుంటున్నాడు' అన్నది ఆమె బాధ. ఒక వకీలు నీటి హక్కు మీద దావా వేయమన్నారు. కాలిఫోర్నియాలో ఉన్న తమ్ముడు, అక్కడైతే భూమిలో నీరు నిలవచేసిన వారికే దాన్ని తిరిగి తోడుకునే హక్కు ఉంటుందని చెప్పాడు. నెల్లూరు బంధువులు నీరు, నేల, చెట్ల సంరక్షణకు చేసిన వాల్టా చట్టం కింద ఫిర్యాదు చేయమంటున్నారు. హైదరాబాదులో ఉన్న కొడుకు ఇల్లు అమ్మేసి వచ్చేయమంటున్నాడు. ఈలోగా ఆ అబ్బాయి, బావి పూడ్చి అక్కడ కారు షెడ్డు కట్టుకోవడానికి అభ్యంతరం లేదని ఒక కాగితం రాసుకొచ్చి సంతకం అడిగాడు. వాన నీటి గొట్టాన్ని బావి వైపు నుంచి మూసేద్దామా అని కూడా ఆమె ఆలోచిస్తున్నారు. ఏం చేయాలన్నది ప్రశ్న.

సమాధానం:

ముందుగా ఆ కాగితం సంగతి, ఎందుకంటే మిగిలినవన్నీ నెమ్మదిగా ఆలోచించవచ్చు గాని ఇది ఆగదు. దాని మీద సంతకం చేయకండి. కోపంతో నిరాకరించనక్కర లేదు. 'పత్రంలో ఉమ్మడి అని ఉంది గనుక మా అబ్బాయినీ, వకీలునూ అడగాలి' అంటే చాలు. ఈ వివాదంలో మీ చేతిలో ఉన్న గట్టి ఆధారం ఆ బావే. ఎండిన బావి కదా, పూడిస్తే ఏం పోతుంది అని మీకు అనిపించవచ్చు. బావి పోతే దానితోపాటు భాగపత్రంలోని ఆ వాక్యానికి ఆనవాలు కూడా పోతుంది. ఎందుకో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

భూమి లోపలి నీటి గురించి మన చట్టం చెప్పేది చాలామంది అనుకునే దానికి పూర్తిగా భిన్నంగా ఉంటుంది. పక్కవారి నేలకు సంబంధించి దారి, వెలుతురు, నీరు వంటి వాడుక హక్కులను చెప్పే 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం మద్రాసు రాష్ట్రంలో మొదటినుంచీ అమలులో ఉంది. స్పష్టమైన కాలువగా ప్రవహించని భూగర్భజలాన్ని తన హద్దుల లోపల తోడుకుని తన ఇష్టప్రకారం వినియోగించుకునే హక్కు ప్రతి భూయజమానికీ ఉంటుందని ఆ చట్టం 7వ సెక్షన్‌కు ఇచ్చిన ఉదాహరణల్లో ఒకటి చెబుతుంది. 1843లో ఇంగ్లండులో బొగ్గు గని తవ్వినందువల్ల పక్కవారి బావి ఎండిపోయిన ఏక్టన్, బ్లండెల్ కేసులో, నష్టపోయినవారికి పరిహారం లేదని అక్కడి కోర్టు తీర్పు చెప్పింది. మన 1882 చట్టం వెనుక ఉన్నది ఆ ఆలోచనే. రాళ్ల కింద నీరు ఎటు పోతుందో ఎవరికీ తెలియని కాలంలో, పొడుగు తాడున్నవాడికి నీరు అన్నట్టుగా ఏర్పడిన సూత్రం అది. సబ్‌మెర్సిబుల్ మోటార్లు వచ్చాక దాని అర్థమే మారిపోయింది గాని అక్షరం మాత్రం అలాగే ఉంది.

నలభై ఏళ్లకు పైగా ఆ బావి నీళ్లే తాగుతున్నాం, ఆ నీటి మీద మాకు హక్కు రాలేదా అని మీరు రాశారు. దారి మీద, గాలి వెలుతురుల మీద దీర్ఘకాలపు వాడుక వల్ల హక్కు వస్తుంది. స్పష్టమైన కాలువలో పారని భూగర్భజలం మీద మాత్రం అలా రాదని అదే చట్టం 17వ సెక్షన్ విడమరచి చెబుతుంది. కాబట్టి మీ వకీలు సూచించినట్టు నీటి హక్కు అన్న పేరుతో దావా వేస్తే, అవతలి పక్షం వకీలు మొదటి వాయిదాలోనే ఈ రెండు సెక్షన్లూ తీసి చూపిస్తారు. ఆయన చెప్పింది పూర్తిగా తప్పని నేను అనను, ఎందుకంటే ఈ పాత సూత్రాన్ని ప్రశ్నించిన తీర్పులూ ఉన్నాయి. కేరళలోని ప్లాచిమాడలో శీతల పానీయాల కర్మాగారం మీద పంచాయతీ పోరాడిన కేసులో, భూగర్భజలం ప్రజలందరి ఆస్తి అనీ, ప్రభుత్వం దానికి ధర్మకర్త మాత్రమేననీ 2003లో హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం చెప్పింది. 2005లో అదే కోర్టు ద్విసభ్య ధర్మాసనం దాన్ని పక్కన పెట్టి, భూయజమాని హక్కు వైపే మొగ్గింది. పెద్ద పెద్ద సంస్థలూ పంచాయతీలూ ఏళ్ల తరబడి తేల్చుకోలేకపోయిన ప్రశ్నను మీ పెరటి బావి మీద వేసుకుని మోయవలసిన అవసరం మీకు లేదని నా అభిప్రాయం.

ఇక మీ తమ్ముడు చెప్పిన కాలిఫోర్నియా మాట. ఆయన చెప్పింది నిజమే, కానీ సగం. 1975లో లాస్ ఏంజెలెస్, శాన్ ఫెర్నాండో నగరాల మధ్య నడిచిన కేసులో, దూరం నుంచి కాలువల ద్వారా తెచ్చిన నీటిని భూమిలోకి ఇంకించి నిలవచేసుకున్న నగరానికి ఆ మేరకు తిరిగి తోడుకునే హక్కు ఉంటుందని కాలిఫోర్నియా సుప్రీంకోర్టు ఒప్పుకుంది. ఆ హక్కు బయటినుంచి తెచ్చిన నీటికే గాని, ఆ నగరాలున్న లోయలోనే పడి అక్కడే ఇంకిన స్థానిక నీటికి కాదని కూడా ఆ తీర్పులోనే ఉంది. మన ఊళ్లో ఆ తీర్పుకు సరిపోలే నీరు ఏదైనా ఉంటే అది ఆంధ్రలోని కండలేరు జలాశయం నుంచి చెన్నై దగ్గరి పూండి జలాశయానికి వచ్చే కృష్ణా నీరే గాని, మీ డాబా మీద పడిన వాన కాదు. పైగా అక్కడ ఆ లోయ మొత్తం నీటిని లెక్కగట్టి, ఎవరు ఎంత తోడవచ్చునో కోర్టే తేల్చింది. భూమిలోకి ఇంకించిన నీటిని ఇంకించినవారే తోడుకోవాలని చెప్పే చట్టం తమిళనాడులో లేదు. వడపోత తొట్టి దాటి బావి అడుగున ఇసుకలోకి దిగిన క్షణం నుంచి, చట్టం దృష్టిలో ఆ నీటికి మీ పేరు ఉండదు. వినడానికి కష్టంగానే ఉంటుంది, నాకు తెలుసు.

నెల్లూరు వారి సలహా గురించి పెద్దగా చెప్పవలసినది లేదు. వాల్టా చట్టం 2002లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చేసుకున్నది. అది రాష్ట్ర సరిహద్దులోని తడ దాటితే పనిచేయదు.

ఇప్పుడు ఒక లెక్క చూద్దాం. మీ మనసులోని బాధకూ దీనికీ సంబంధం ఉంది. చెన్నైలో సగటున ఏడాదికి దాదాపు 1,400 మిల్లీమీటర్ల వాన పడుతుంది. మీ డాబా వెయ్యి చదరపు అడుగులని రాశారు, అంటే ఇంచుమించు 93 చదరపు మీటర్లు. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. ఆ ప్రకారం ఏడాదికి లక్షా ముప్పై వేల లీటర్లు; ఆవిరైనదీ, మొదటి జల్లులకు బయటికి వదిలేసినదీ తీసేస్తే, ఒక లక్షా నాలుగు వేల లీటర్లు బావిలోకి దిగుతాయని అనుకోవచ్చు. ఆ అబ్బాయి రోజుకు అమ్ముతున్నది ఇరవై నాలుగు వేల లీటర్లు. అంటే మీరు ఏడాదంతా కూడబెట్టినది అతని అమ్మకంలో నాలుగు రోజుల పైచిలుకుకు సరిపోతుంది. తక్కిన మూడు వందల అరవై రోజులూ అతను అమ్ముతున్నది మీరు దాచిన నీరు కాదు. మీ వీధి వారందరి ఇళ్ల కిందనుంచీ, బహుశా అవతలి వీధి కిందనుంచీ వస్తున్న నీరు. మీ కష్టాన్ని చిన్నబుచ్చడానికి ఈ లెక్క చెప్పడం లేదు. దీన్ని మీకూ మరిది కొడుకుకూ మధ్య దొంగతనం వ్యవహారంగా మీరు చూస్తున్నంత కాలం, అది నిజానికి ఊరి చట్టానికి సంబంధించిన వ్యవహారమన్న సంగతి మరుగున పడిపోతుంది. మీ ఎదురింటి వారి బోరు కూడా ఈ రెండేళ్లలో తగ్గిందా అని ఎప్పుడైనా అడిగారా? ఉత్తరంలో ఆ ప్రస్తావన లేదు.

కాబట్టి నేను చెప్పదలచుకున్న అసలు విషయం ఇది: ఆ నీరు ఎవరిదన్న ప్రశ్న మీద నిలబడకండి, అక్కడ మీ కాలి కింద నేల లేదు. బావి ఎవరిది, పత్రంలో ఏముంది, అమ్మకానికి అనుమతి ఉందా అన్న మూడు ప్రశ్నల మీద నిలబడండి. ఈ మూడింటిలోనూ మీకు చెప్పుకోదగిన బలం ఉంది.

బావి సంగతి. నీరు ఎవరిదీ కాకపోయినా, ఒరలతో కట్టిన బావి స్థిరాస్తి. రిజిస్టరైన భాగపత్రం ప్రకారం మీరు దానికి సహయజమానులు. ఒక సహయజమాని మరొకరి సమ్మతి లేకుండా ఉమ్మడి బావిని పూడ్చడం గాని, అటు వెళ్లే దారిని మూయడం గాని, మీ మోటారు గొట్టం పీకడం గాని చేస్తే కోర్టు నుంచి నిషేధపు ఉత్తర్వు తెచ్చుకోవడం కష్టం కాదు. ఇంకొక చిన్న విషయం: 17వ సెక్షన్ కాలం గడిచినందువల్ల వచ్చే హక్కునే కాదంటుంది గాని, ఒకరికొకరు పత్రం ద్వారా రాసిచ్చుకున్న హక్కును కాదనదు. ఉమ్మడిగా వాడుకోవాలని రాసిచ్చిన బావిని పక్కనే బోరు వేసి పనికిరాకుండా చేయడం, ఇచ్చిన దాన్ని మరో చేత్తో లాక్కోవడమేనని మీ వకీలు వాదించవచ్చు. ఈ వాదన నిలుస్తుందని హామీ ఇవ్వలేను. బోరు అతని సొంత నేలలో ఉంది, భాగపత్రంలో బోరు ప్రస్తావన లేదు. అయినా నీటి హక్కు దావా కంటే ఇది చాలా మెరుగైన పునాది. అసలు పత్రం మీ దగ్గర లేకపోతే సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలో ధ్రువీకరించిన నకలు తీసుకోండి. బావి వాక్యం అక్షరం అక్షరం ఎలా ఉందో దాన్ని బట్టే తక్కినదంతా నడుస్తుంది.

అనుమతి సంగతి. చెన్నై నగరానికీ, షెడ్యూలులో పేర్కొన్న చుట్టుపక్కల గ్రామాలకూ 1987లో ప్రత్యేకంగా ఒక భూగర్భజల నియంత్రణ చట్టం వచ్చింది. దాని ప్రకారం ఆ పరిధిలో అనుమతి లేకుండా కొత్త బావి గాని బోరు గాని వేయకూడదు; గృహావసరాలకు కాకుండా వేరే పనికి నీరు తోడాలన్నా, లారీల్లో తరలించాలన్నా లైసెన్సు ఉండాలి. రాష్ట్రమంతటికీ కలిపి 2003లో చేసిన మరొక చట్టం అమలులోకే రాకుండా 2013లో రద్దయింది గాని, ఈ 1987 చట్టం మాత్రం నిలిచింది. వ్యాపారం కోసం నీరు తోడేవారు ప్రభుత్వ అనుమతి తీసుకోవలసిందేనని మద్రాసు హైకోర్టు 2018 అక్టోబరులో చెప్పినప్పుడు ట్యాంకర్ల యజమానులు సమ్మెకు దిగిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఈజ్‌మెంట్ల చట్టం ఆ అబ్బాయికి ఇచ్చే స్వేచ్ఛకు ఈ చట్టం కట్టిన గట్టు ఇది. తన ఇంటి అవసరానికి తోడుకుంటే మీరు ఏమీ అనలేరు. లారీకి ఎత్తిన నాటినుంచి మాత్రం అతను ప్రభుత్వానికి జవాబు చెప్పుకోవాలి.

మీ ప్రాంతం 2011లో కార్పొరేషన్‌లో కలిసిన శివారు గనుక, మీ పాత గ్రామం పేరు ఆ చట్టం షెడ్యూలులో ఎలా ఉందో ముందుగా చూసుకోండి. తరవాత సమాచార హక్కు కింద, ఫలానా చిరునామాలో బోరుకు అనుమతి, నీటి తరలింపుకు లైసెన్సు ఇచ్చారా అని నగర నీటి సరఫరా చూసే మెట్రోవాటర్ బోర్డునూ, జిల్లా కలెక్టరు కార్యాలయాన్నీ రెండింటినీ అడగండి. ముప్పై రోజుల్లో జవాబు రావాలి. ఇది ఫిర్యాదు కాదు, సమాచారం మాత్రమే. ఇంకా ఎవరితోనూ తగవు పడినట్టు కాదు. అనుమతి ఉందని తెలిస్తే మీ దారి మారుతుంది, లేదని తెలిస్తే మీ మాటకు బరువు వస్తుంది. అతిథి వచ్చినట్టు అధికారి వచ్చి వెళ్లిపోతాడేమోనన్న మీ అనుమానం అర్థం లేనిది కాదు. రాతపూర్వకంగా అర్జీ ఇచ్చినా కదలిక లేకపోతే, దాని మీద నిర్ణయం తీసుకోమని అధికారిని ఆదేశించవలసిందిగా హైకోర్టులో రిట్ వేయవచ్చు. అయితే ఆ అర్జీ మీ ఒక్కరి పేరు మీద కాకుండా వీధి సంక్షేమ సంఘం పేరు మీద వెళితే రెండు లాభాలు. పెద్దమ్మ తన మీద పగబట్టిందన్న మాట రాదు. అధికారులకు కూడా ఇది కుటుంబ కలహమని పక్కన పడేసే వీలుండదు.

ఇంటి కరెంటు మీటరు మీద నడిచే మోటారుతో నీరు అమ్ముతున్నాడని కూడా రాశారు. ఇచ్చిన అవసరానికి కాక వేరే పనికి కరెంటు వాడితే, 2003 నాటి విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద రెట్టింపు టారిఫ్‌తో లెక్కగట్టి వసూలు చేస్తారు. విద్యుత్ బోర్డుకు ఒక ఉత్తరం రాస్తే త్వరగానే కదలిక రావచ్చు. అయినా నన్నడిగితే ఆ ఉత్తరం చివరి వరకూ రాయవద్దంటాను. డబ్బు దెబ్బ తగిలిన మనిషి రాజీ గదిలో మెత్తబడడు, బిగుసుకుంటాడు. మీకు కావలసింది అతని జరిమానా కాదు, మీ బావిలో నీరు.

దావా దారి ఎంచుకుంటే ఏం జరుగుతుందో కూడా చూద్దాం. సహయజమాని హక్కు ప్రకటించమనీ, బావికి నష్టం కలిగించకుండా నిషేధించమనీ సివిల్ కోర్టులో అడుగుతారు. తాత్కాలిక ఉత్తర్వు కోసం వెళ్లినప్పుడు, ఇంతకాలం ఎందుకు ఊరుకున్నారని న్యాయమూర్తి తప్పకుండా అడుగుతారు గనుక, దావా వేసినా వేయకపోయినా, మీ అభ్యంతరాన్ని ఇప్పుడే రిజిస్టర్డ్ పోస్టులో ఒక ఉత్తరంగా పంపి రసీదు దాచుకోండి. బావి స్థితి చూసి నివేదిక ఇవ్వడానికి అడ్వకేటు కమిషనర్‌ను నియమించమని అడగవచ్చు. ఇదంతా జరుగుతుంది, కానీ ఏళ్లు పడుతుంది. పైగా కోర్టు కూడా ఎక్కడో ఒక చోట మిమ్మల్ని రాజీ కేంద్రానికి పంపించే అవకాశమే ఎక్కువ.

దావాలో గాని రాజీలో గాని మీరు ఎదుర్కొనే అసలు ప్రశ్న, బావి ఎండడానికి ఆ బోరే కారణమని ఎలా చెప్పగలరన్నది. దక్షిణ శివార్లలో సాధారణంగా పైన ఇసుక, బంకమన్ను, వాటి కింద శిథిలమైన మెత్తని రాయి, ఇంకా కింద పగుళ్లున్న గట్టి రాయి ఉంటాయి. మీ ఒరల బావి పై పొరల నీటి మీద బతుకుతుంది. మూడు వందల అడుగుల బోరు రాతి పగుళ్ల నీటిని తోడుతుంది. బోరు గోడలు కూలకుండా దించే కేసింగ్ పైపును గట్టి రాయి తగిలే దాకా దించి, చుట్టూ సిమెంటుతో బిగిస్తే పై నీరు నేరుగా బోరులోకి జారదు. చాలామంది ఖర్చు తగ్గించుకోవడానికి కేసింగ్ సగంలో ఆపేస్తారు, లేదా పై నీరు కూడా రావాలని చిల్లుల పైపు వేస్తారు. అప్పుడు పక్క బావి ఊట తిన్నగా అందులోకి దిగుతుంది. కాబట్టి కేసింగ్ ఎంత లోతు దించారన్నది ఈ తగవులో అన్నిటికంటే ముఖ్యమైన వాస్తవం. బోరు వేసిన వారి బిల్లులో అది రాసి ఉంటుంది.

మీ చేతిలో ఉన్న పరీక్ష ఒకటుంది. మీ మోటారు వాడకుండా, తాడుకు బరువు కట్టి బావిలో నీటి మట్టాన్ని సాయంకాలం, లారీ నిండుతున్నప్పుడు గంట గంటకూ, మళ్లీ తెల్లవారి కొలిచి తేదీ, సమయంతో ఒక పుస్తకంలో రాయండి. కొన్ని రోజులు వరసగా రాయండి. లారీ రాని రోజులు కూడా వదలకండి. మోటారు నడిచినప్పుడు మట్టం జారి, ఆగాక కొంతైనా పైకి వస్తే రెండింటికీ లోపల సంబంధం ఉన్నట్టే. మట్టం దేనికీ చలించకుండా రోజురోజుకూ ఒకే తీరుగా తగ్గితే, అది ఈ ఒక్క బోరు వల్ల కాకుండా ప్రాంతమంతా తగ్గుతున్నదన్న వాదనకు బలం వస్తుంది. ఆ సంగతి దావా వేశాక అవతలి వారి నోట వినడం కంటే ముందే మీరు తెలుసుకోవడం మంచిది. ఒక భూగర్భజల నిపుణుడి చేత ఇదే పరీక్ష చేయించి సంతకం తీసుకుంటే కోర్టులో దాని విలువ పెరుగుతుంది.

ఆ పుస్తకం చేతిలో పెట్టుకుని రాజీకి కూర్చుంటే మాట్లాడుకోవడానికి నిజంగా ఏదో ఒకటి ఉంటుంది. నా ఊహలో ఒప్పందం ఇలా ఉండవచ్చు: లారీల అమ్మకం ఆపడం, లేదా లైసెన్సు తెచ్చుకుని వాన నెలల్లో మాత్రమే పరిమితంగా అమ్మడం, కేసింగ్ కురచగా ఉంటే సరిచేయించడం, బావి పూడ్చకపోవడం, అతని డాబా నీరు కూడా బావిలోకే మళ్లించి ఆ ఖర్చు చెరి సగం పెట్టుకోవడం. కేసింగ్ సరిచేయడానికి అయ్యే ఖర్చు ఇరుపక్షాల వకీళ్ల ఫీజుల్లో చిన్న భాగం. అయితే ఒప్పందం ఆ అబ్బాయి ఒక్కడితో రాసుకుంటే సరిపోదు. మీ మరిది గారు వీలునామా రాయకుండా పోయారని రాశారు గనుక, ఆ వాటాకు ఇప్పుడు మీ తోడికోడలు, కొడుకు, పెళ్లయి వెళ్లిన కూతురు, ముగ్గురూ హక్కుదారులే. మీ వైపు మీతోపాటు మీ అబ్బాయి సంతకం కావాలి. ఇది చిక్కులా కనిపించినా ఒక దారి కూడా. మీ తోడికోడలు రెండేళ్లుగా మీతో మాట్లాడడం లేదన్నారు, ఆవిడ కూతురు మాత్రం పండగలకు ఫోను చేస్తుందని కూడా రాశారు. మొదటి మాట ఆ అమ్మాయితో మొదలుపెట్టండి. లారీల డబ్బులో ఆమెకు వాటా వస్తున్నట్టు మీ ఉత్తరంలో ఎక్కడా లేదు.

ఇంట్లో కుదరకపోతే జిల్లా న్యాయసేవల సంస్థకు వెళ్లండి. మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు, దావా వేయకముందే లోక్ అదాలత్‌లో కూర్చోబెడతారు. అక్కడ కుదిరిన రాజీకి కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది, దాని మీద అప్పీలు ఉండదు. పెద్దమనుషుల ముందు తెల్లకాగితం మీద రాసుకున్న దానికి ఆ బలం రాదు.

వాన నీటి గొట్టం మూసేయడం గురించి. తమిళనాడులో 2003 నుంచి ప్రతి ఇంటికీ వాన నీటి సేకరణ తప్పనిసరి. మీరు దాన్ని తీసేస్తే చట్టం దృష్టిలో తప్పు మీ వైపు చేరుతుంది. అయితే నీటి ప్రయాణాన్ని మార్చడానికి ఏ అడ్డూ లేదు. ముందు మీ సంపు నిండి, పొర్లినది బావిలోకి వెళ్లేటట్టు గొట్టాలు తిప్పించండి. భూమిలో ఇంకిన నీటికి లేని రక్షణ సంపులోని నీటికి ఉంది. అది మీ సొత్తు, మీకు తెలియకుండా తోడుకుంటే దొంగతనం కిందికి వస్తుంది. పది వేల లీటర్ల సంపు మీ ఒక్కరి అవసరానికి కొన్ని వారాలు వస్తుంది. మన ఊరి వాన చాలావరకు అక్టోబరు నుంచి డిసెంబరు లోపలే పడిపోతుంది గనుక, సంపుతో వేసవి గడిచిపోతుందని మాత్రం అనుకోవద్దు. వేసవి నీరు నిలవుండే చోటు ఇప్పటికీ నేలే.

పోటీగా మీరు కూడా నాలుగు వందల అడుగుల బోరు వేయించుకోవడం మరొక దారి. మీ కొడుకు స్నేహితుడు అదే చెప్పాడని రాశారు. దానికీ అనుమతి కావాలి, దొరికితే ఒకటి రెండేళ్లు నీళ్లుంటాయి, తరవాత ఆ అబ్బాయి అయిదు వందలకు దిగుతాడు. అంతకంటే దీని గురించి రాయడానికి లేదు.

ఇక మీ అబ్బాయి సలహా. ఇల్లు అమ్మి వెళ్లడం ఓటమి కాదు, ఒంటరిగా ఉంటున్న తల్లి గురించి కొడుకు అలా అనుకోవడంలో తప్పూ లేదు. అమ్మే క్రమం మాత్రం చూసుకోండి. బావి ఉమ్మడి అన్న సంగతీ, దాని మీద తగవు ఉన్న సంగతీ కొనేవారికి దాచకూడదు. దావా నడుస్తుండగా అమ్మితే, ఆస్తి బదిలీ చట్టం 52వ సెక్షన్ ప్రకారం కొన్నవారు ఆ దావా ఫలితానికి కట్టుబడి ఉండాలి. అటువంటి ఇంటికి గిట్టుబాటు ధర రాదు, వచ్చేవారిలో ఎక్కువమంది మీ మరిది కొడుకు తరఫు దళారులే ఉంటారు. కాబట్టి అమ్మదలచుకున్నా ముందు బావి గురించి రిజిస్టరైన ఒప్పందమో, లోక్ అదాలత్ తీర్పో చేతికి రానివ్వండి. ఈలోగా సమాచార హక్కు దరఖాస్తు, అభ్యంతరపు ఉత్తరం ఈ నెలలోనే వెళ్లిపోవాలి. మట్టం కొలిచే పని వానలు మొదలవకముందే పూర్తి కావాలి, ఎందుకంటే ఒకసారి వాన పడ్డాక ఆ అంకెలతో ఎవరూ ఏమీ నిరూపించలేరు.